వినబడితే కాలు ఊపు

మా అత్తవారింట్లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు. ఈ మాట ముందే చెప్పకపోతే, నేను చెప్పబోయేదంతా విని మీరు పోలీసులకు ఫోను చేస్తారు. అత్తయ్యా మావయ్యా పెళ్ళైన దగ్గర్నుంచి కొన్నేళ్ళ కిందటిదాకా పిండిమర నడిపారు. మరకు ఆనుకునే కాపురం. మర తిరుగుతుంటే పక్కమనిషికి మాట వినబడాలంటే గొంతు చించుకోవాల్సిందే. అలా ఏళ్ళ తరబడి చించుకున్న గొంతులు మర అమ్మేసి ఈ ఇల్లు కొనుక్కున్నాక కూడా దారికి రాలేదు. "కాఫీ తాగుతావా?" అన్న మాట ఇప్పటికీ "దొంగ, దొంగ!" అన్నంత జోరుగా వస్తుంది. మా ఆయన ఆ చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే పెరిగి, చివరికి నీళ్ళ మోటార్లు బాగుచేసే పనిలో స్థిరపడ్డాడు. పెళ్ళైన కొత్తలో ఆయన నా చెవిలో రహస్యంగా చెప్పిన ముద్దుమాటకు పక్కింటావిడ ఇప్పటికీ నన్ను చూస్తే ముసిముసిగా నవ్వుతుంది.

నేను నర్సును. నాకు నైట్ డ్యూటీ అంటే ప్రాణం. రాత్రంతా మేలుకున్న మనిషి పగలు పడుకోవాలి కదా! మా ఇంట్లో పడుకోవటానికి మంచం ఉంది, దుప్పటి ఉంది, నిద్ర ఒక్కటే లేదు. నా గదికి ఒక పక్క వంటిల్లు, ఇంకో పక్క మా ఆయన మోటార్ల షెడ్డు. పాపం, అత్తయ్యకు నేనంటే చచ్చేంత ప్రేమ. నాకు కోడినిద్రైనా పట్టేలోపు తలుపు సందులోంచి తొంగిచూసి "పడుకున్నావా అమ్మాయ్?" అని అరిచేది. నేను ఉలిక్కిపడి లేచి "పడుకున్నానత్తయ్యా" అనేదాన్ని. "సరే సరే, హాయిగా పడుకో!" అని అంతకంటే ప్రేమగా అరిచి వెళ్ళేది.

నిద్ర లేక లేక నాకు ఒక రకం మత్తు పట్టుకుంది. ఏం చూసినా నవ్వే. ఒక రాత్రి వార్డులో సెలైన్ స్టాండుతో "కాస్త పక్కకు జరగండి బాబూ" అన్నాను. అది జరగలేదు. "మీకే చెప్పేది, వినబడటం లేదా?" అని గదమాయించాను కూడా. వెనక్కి తిరిగితే మా హెడ్ సిస్టర్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"చూడమ్మా," అందావిడ. "వచ్చే నెల తెరిచే పసిపిల్లల వార్డుకు రాత్రి ఇన్‌ఛార్జిగా నిన్నే అనుకున్నాను. నీ అంత చెయ్యి తిరిగినవాళ్ళు నాకు లేరు. కానీ నిద్ర లేని మనిషి చేతుల్లో పసిగుడ్లను ఎలా పెట్టను? పగలు నిద్రపోయే దారి ఏదైనా ఉందో లేదో ఆదివారం సాయంత్రానికల్లా నాకు చెప్పు. లేదన్నావో, పగటిపూట చీట్ల కౌంటర్లో వేసేస్తాను."

చీట్ల కౌంటరు! పొద్దస్తమానం పేరు, వయసు అడిగి చీటీ చింపి ఇవ్వటం! ఆ పిల్లల వార్డు కోసం నేను ఎన్నేళ్ళుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నానో ఆవిడకూ తెలుసు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవబోయి నవ్వాను. ఆవిడ కంగారుపడి నాకు మంచినీళ్ళు ఇచ్చింది.

దారి లేకపోలేదు. ఇంటి వెనక నాకోసం ఒక గది కలుపుదామని తండ్రీకొడుకులు స్వయంగా పునాది తవ్వారు, కట్టారు. మేస్త్రీని పెట్టుకుంటే మన మాట వినడని వాళ్ళ భయం. వాళ్ళ మాట వినబడని మేస్త్రీ ఎక్కడుంటాడో నాకైతే తెలీదు. పునాది దాకా బండి బాగానే నడిచింది. గోడల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఎందుకంటే మా ఇంట్లో ముగ్గురికి మూడు రకాల బ్లాకులు కావాలి. ఎవరూ పట్టిన పట్టు విడవరు. పునాది మీద గడ్డి మొలిచింది.

హెడ్ సిస్టర్ మాట చెప్పగానే ఇల్లంతా ఉలిక్కిపడింది. "ఆదివారం బ్లాకుల షాపుకు పోదాం! తాడోపేడో తేల్చేద్దాం!" అని మావయ్య ప్రకటించాడు. ఎదురింట్లో దీపం వెలిగింది.

ఆదివారం పొద్దున నేను డ్యూటీ దిగి అటునుంచి అటే షాపుకు వెళ్ళాను. లోపలికి అడుగుపెట్టకముందే వీధిలోంచే మావాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి. గేటు దగ్గర ఏదో కొట్లాట అనుకుని జనం మూగారు. ఆ జనాన్ని తోసుకుంటూ "కొట్లాట కాదండీ, మావాళ్ళు బ్లాకులు చూస్తున్నారు" అని చెబుతూ వెళ్ళాను.

"గోడంటే బరువుండాలయ్యా!" అంటున్నాడు మావయ్య. ఆయనది నిండు సిమెంటు బ్లాకు. "బరువు లేని గోడ గోడా? ఇదిగో చూడు!" అని ఒకటి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. ఎత్తాక నడుం పట్టేసింది. దించలేడు, ఒప్పుకోలేడు. "ఎంత బలమో చూడండి, ఎంత బలమో" అంటూ అలాగే బిగుసుకుని నిలబడ్డాడు. మా ఆయనే నెమ్మదిగా అందుకుని కింద పెట్టాడు.

మా ఆయనది బోలు బ్లాకు. మధ్యలో గొయ్యిలా ఖాళీ ఉంటుంది. "ఆ ఖాళీలో థర్మోకోల్ ముక్కలు కుక్కుతాను నాన్నా! ఎండ లోపలికి రమ్మన్నా రాదు!" అని ఆయన వాదన. మోటారు వినేవాడిలా ప్రతి బ్లాకుకూ చెవి ఆనించి, వేలితో కొట్టి, గంభీరంగా తలాడిస్తున్నాడు. ఏం వినిపించిందో ఆయనకే తెలియాలి.

అత్తయ్యది తేలిక బ్లాకు. లోపలంతా సన్నటి గాలి బుడగలతో, చూడటానికి తెల్లగా, గట్టిపడ్డ నురగలా ఉంటుంది. "చూడండెహె!" అని ఆవిడ ఒక బ్లాకును ఒంటి చేత్తో ఎత్తి, షాపాయన నీళ్ళ డ్రమ్ములో పడేసింది. నీళ్ళు ఎగిరి ఆయన చొక్కా తడిసింది. బ్లాకు మునగలేదు. నిక్షేపంగా తేలింది.

"తేలింది! తేలిందిరోయ్!" అని అత్తయ్య చప్పట్లు కొట్టింది.

"ఇల్లు కడుతున్నామా, పడవ కడుతున్నామా?" అన్నాడు మావయ్య.

మూగిన జనం పగలబడి నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కాళ్ళు తేలిపోతుంటే, అక్కడ గోడవారగా ప్లాస్టిక్ కాగితంలో చుట్టిపెట్టిన రెండు పెద్ద పరుపుల్లాంటి చుట్టల మధ్య కూలబడ్డాను. తల వెనక్కి వాల్చాను. అంతే, ఎవరో లోకం గొంతు తగ్గించినట్టయింది. ఎదురుగా మావయ్య నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అత్తయ్య చేతులు తిప్పుతోంది. మాట మాత్రం ఎక్కడో దూరాన్నుంచి వస్తున్నట్టుంది. నేను తల ముందుకు పెట్టాను. గోల. వెనక్కి వాల్చాను. హాయి. ముందుకు, గోల. వెనక్కి, హాయి.

"ఏమిటండీ ఇది?" అని అరిచాను.

"రాక్‌వూల్ అమ్మా. రాతిని కరిగించి తీసిన ఉన్ని. గోడల మధ్యలో పెడతారు," అన్నాడు షాపాయన చొక్కా పిండుకుంటూ. "థర్మోకోల్ వేడిని ఆపుతుంది గానీ, మాటల్ని పెద్దగా ఆపదు. ఇది రెండింటినీ పట్టుకుంటుంది. కాగితం మాత్రం విప్పకండి, ఒళ్ళు దురద పెడుతుంది."

"నాకిది కావాలి!" అన్నాను. దాంతో మూడు పక్షాలు కాస్తా నాలుగయ్యాయి. "గోడకు స్వెట్టరేమిటమ్మాయ్!" అని మావయ్య, "అసలు ముందు బ్లాకు సంగతి తేలనివ్వండి!" అని అత్తయ్య మళ్ళీ మొదలెట్టారు. షాపాయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"అమ్మగారూ, అయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. అన్ని రకాలూ కాసినికాసిని బండిలో వేయిస్తాను. మీ దొడ్లో పరీక్ష పెట్టుకోండి. నచ్చనివి తిరిగి ఇచ్చేద్దురుగాని. ముందు మీరు బయల్దేరండి."

అలా బ్లాకులన్నీ మా పెరట్లో దిగాయి. సిమెంటు పెట్టకుండా ఉత్త బ్లాకులే పేర్చి ఎవరి గూడు వాళ్ళు కట్టుకున్నారు, నడుమెత్తున. ముగ్గురూ ఎంత శ్రద్ధగా కట్టారంటే, మావయ్య దారం పట్టి మరీ వరస చూసుకున్నాడు. అత్తయ్య తన గూటి ముందు చీపురుతో ఊడ్చింది కూడా. పరీక్ష ఏమిటంటే, గూట్లో అలారం గడియారం పెట్టి, పైన చెక్క మూసి, బయట నిలబడి వినాలి. ఎవరి గూట్లోంచి చప్పుడు తక్కువ వస్తే వాళ్ళు గెలిచినట్టు. ఈ ఉపాయం మా ఆయనది. వినటానికి బ్రహ్మాండంగా ఉంది కదూ?

మావయ్య గూట్లో గడియారం పెట్టారు. "వినండి! ఏమన్నా వినబడుతోందా?" అని మావయ్య అరిచాడు. "ఉండండి, విననివ్వండి!" అని అత్తయ్య ఇంకా గట్టిగా అరిచింది. "ఇద్దరూ మాట్లాడకండి!" అని మా ఆయన అందరికంటే గట్టిగా అరిచాడు. గడియారం మోగి మోగి ఆగిపోయింది. "చూశారా, ఏమీ వినబడలేదు! నేను గెలిచాను!" అని మావయ్య మీసం దువ్వాడు. మా ఆయన గూట్లో పెట్టారు. ఏమీ వినబడలేదు. ఆయనా గెలిచాడు. అత్తయ్య గూట్లో పెట్టారు. అత్తయ్య గెలిచింది. చివరికి గడియారాన్ని ఉత్తి అరుగు మీద, ఏ గోడా లేకుండా పెట్టినా మా ఇంట్లో ఎవరికీ వినబడలేదు. ముగ్గురూ దాని వంక చూసి, "ఇది చెడిపోయినట్టుంది," అని తేల్చారు.

నేను అరుగు మీద పడి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి గుర్తొచ్చింది, సాయంత్రమే హెడ్ సిస్టర్‌కు ఫోను చెయ్యాలి. గడియారానికి బ్లాకు బాగుంటే నాకేం లాభం? నిద్రపోవాల్సింది నేను! పిల్లల వార్డు పోయేది నాకు! నవ్వు నవ్వులాగే ఉండగానే కోపం నషాళానికంటింది.

"ఆపండి!" అని ఒక్క కేక పెట్టాను.

పెరడు గతుక్కుమంది. తర్వాత అత్తయ్య మొహం చాటంత చేసుకుని మావయ్యను పొడిచింది. "విన్నారా? అమ్మాయికి మన ఇంటి గొంతు వచ్చేసింది!"

"బయట నిలబడి వినటం మీవల్ల కాదు," అన్నాను. "అరవటం మీకు పుట్టుకతో వచ్చిన విద్య. కాబట్టి నేను లోపల పడుకుంటాను, మీరు బయట అరవండి. గడియారానికి కాదు, నాకు పరీక్ష పెట్టండి."

ఇది అందరికీ తెగ నచ్చేసింది. ఒక చిక్కు మాత్రం వచ్చింది. గూళ్ళు చిన్నవి, నేను పొడుగు. లోపల చాప పరిచి పడుకుంటే కాళ్ళు మోకాళ్ళ దాకా బయటికి వచ్చాయి. "మంచిదే, అటునుంచి గాలి ఆడుతుంది," అన్నాడు మా ఆయన. కాళ్ళ పక్క ఒక పాత దుప్పటి వేలాడదీశాడు. "లోపల్నుంచి నువ్వు పలికితే మాకు వినబడదు. మా మాట వినబడితే కాలు ఊపు. సరేనా?"

మావయ్య నిండు బ్లాకుల గూట్లో దూరాను. మాటలు మందంగా, మూతబడ్డ డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చాయి. బరువు గోడ నిజంగానే కొంత ఆపింది. కానీ ఎండకు ఆ బ్లాకులు కాగి, లోపల పెనం మీద పడుకున్నట్టుంది. చెమటలు కక్కుకుంటూ రెండు కాళ్ళూ టపటపా కొట్టి బయటపడ్డాను. అత్తయ్య గూడు చల్లగా, హాయిగా ఉంది. అయితే అందులో ప్రతి మాటా పొల్లు పోకుండా వినబడింది. "పాపం, ఎంత చిక్కిపోయిందో చూడండి, కళ్ళ కింద నల్లగా. ఈ పిల్ల వార్డు పోతే నేను ఊరుకోను," అని ఆవిడ మావయ్యతో గుసగుసలాడటం కూడా విన్నాను. అంటే, ఆవిడ గుసగుస అనుకున్నది. నేను కాలు ఊపుతూ ఉన్నాను. కళ్ళు చెమర్చాయి. మా ఆయన బోలు గూడు అటు చల్లగానూ లేదు, ఇటు నిశ్శబ్దంగానూ లేదు. ఆయన మొహం మాడ్చుకున్నాడు.

బయటికి వచ్చి మోకాళ్ళు దులుపుకుంటూ అన్నాను. "మావయ్యా, మీ బ్లాకు మాటను ఆపుతోంది. అత్తయ్యా, మీ బ్లాకు ఎండను ఆపుతోంది. మీది బయట, మీది లోపల, మధ్యలో నా ఉన్ని. రెండు గోడలూ కలిపి ఒకటి చేద్దాం."

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అంటే ఎవరూ ఓడిపోనక్కర్లేదన్నమాట! ఆ సంబరం చూడాలి! ఉన్న బ్లాకులతో అలాంటిది ఒక్కటే వస్తుంది కాబట్టి మూడు గూళ్ళూ విప్పేశారు. మావయ్య నడుం నొప్పి మరిచిపోయి బయటి వరస పేర్చాడు. అత్తయ్య లోపలి వరస పేర్చింది. మధ్య సందులో కాగితం విప్పకుండా రాక్‌వూల్ దించారు. "నా థర్మోకోలో?" అన్నాడు మా ఆయన దీనంగా. దాన్ని పైచెక్క మీద పరిచి, దాని మీద ఇంకో చుట్ట ఉన్ని దొర్లించారు. ఆయన బోలు బ్లాకులు ముగ్గురూ కూర్చోవటానికి పీటలయ్యాయి. ఇప్పుడు మా ఇంటి వెనక ఉన్న గది గోడలు అచ్చం ఇలాంటివే, కాకపోతే సిమెంటు పెట్టి కట్టారు, తలుపు ఉంది, నా కాళ్ళు లోపలే ఉంటాయి.

ఆ గూట్లో పడుకోగానే నాకు గుర్తున్నది ఒక్కటే. చల్లగా ఉంది. దూరంగా ఎక్కడో చీమ దగ్గినట్టు వినబడింది. అది మావయ్య అయ్యుంటాడని అనుకున్నాను. కాలు ఊపాలా వద్దా అని ఆలోచిస్తూ ఉన్నాను.

తర్వాతి సంగతి మా ఆయన చెప్పగా విన్నదే. "వినబడుతోందా?" అని మావయ్య అరిచాడట. కాలు కదల్లేదు. అత్తయ్య మర రోజుల్లో బస్తాలవాళ్ళను పిలిచే కేక వేసిందట. కాలు కదల్లేదు. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని గంతులేశారట. గంతులేసి అలిసిపోయాక కూడా కాలు కదలకపోయేసరికి అత్తయ్యకు గుండె గుభేలుమంది. "ఒరేయ్, ఊపిరాడుతోందంటావా?" అని పరుగెత్తి దుప్పటి ఎత్తి, లోపలికి తల దూర్చిందట.

నేను నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నానట.

అత్తయ్య వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆ సైగ ఎవరూ ఎప్పుడూ చూసి ఉండలేదు. మావయ్యకు అర్థం కాక "ఏమైంది?" అనబోతే ఆవిడ ఆయన నోరు చేత్తో మూసేసిందట. అప్పట్నుంచి ముగ్గురూ బోలు బ్లాకుల మీద వరసగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎండ నా కాళ్ళ మీదికి జరిగితే మావయ్య గొడుగు పట్టాడు. కూరగాయల బండివాడు వీధిలో కేక వెయ్యబోతే మా ఆయన పరుగెత్తి చేతులు జోడించాడు. నేను పొద్దు వాలేదాకా కదల్లేదు.

అప్పుడు నా ఫోను మోగింది. హెడ్ సిస్టర్.

మొదటి మోతకే అత్తయ్య దాన్ని కడుపుకు అదుముకుని పచ్చ బొత్తం నొక్కేసిందట. చెవి దగ్గర పెట్టుకుని, జీవితంలో మొదటిసారి గొంతు దించి, ఊపిరితో మాట్లాడినట్టు, "అమ్మాయి నిద్రపోతోందమ్మా..." అంది.

"హలో? ఎవరండీ? సరిగ్గా వినబడటం లేదు. కాస్త గట్టిగా మాట్లాడండి," అందట హెడ్ సిస్టర్.

పిండిమర మహాతల్లిని పట్టుకుని గట్టిగా మాట్లాడమన్న మనిషి ఈ భూమ్మీద అంతవరకూ పుట్టలేదు! అత్తయ్య ఇంకోసారి అలాగే ఊపిరితోనే చెప్పింది. "హలో, హలో, గట్టిగా!" అంటోంది అవతల. అత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయట. గట్టిగా అంటే కోడలు లేస్తుంది. అనకపోతే కోడలి వార్డు పోతుంది. మా ఆయన వంక చూసింది, నా కాళ్ళ వంక చూసింది. ఇంక చెప్పులైనా వేసుకోకుండా, ఫోను గుండెలకు పట్టుకుని, మునివేళ్ళ మీద పెరడు దాటి, గేటు దాటి, వీధి దాటి, ఆ చివర బస్టాపు దాకా ఒక్క పరుగు తీసింది.

ఇక్కణ్ణుంచి నేను చెప్పగలను. ఎందుకంటే సరిగ్గా అప్పుడే నాకు మెలకువ వచ్చింది. చల్లటి చీకట్లో, చాప మీద, ఒళ్ళంతా దూదిలా తేలికగా ఉంది. అంత నిండుగా నిద్రపోయి ఎంతకాలమైందో! బుర్రలో మత్తు లేదు, పిచ్చి నవ్వు లేదు. ఆ నిశ్శబ్దంలోకి, వీధి చివర్నుంచి, మావయ్య బ్లాకులు దాటుకుని, ఉన్ని దాటుకుని, తన బ్లాకులే తను దాటుకుని ఒక గొంతు వచ్చింది.

"మా కోడలు పట్టపగలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోందమ్మా! ఎప్పుడనగా పడుకున్నది ఇంకా లేవలేదు! ఆ పిల్లల వార్డు దానికే ఇవ్వండి! ఇంకెవరికీ ఇవ్వకండి! దాన్ని పడుకోబెట్టే పూచీ మాది!"

నేను లేవలేదు. కళ్ళు మళ్ళీ మూసుకున్నాను. వినబడితే కాలు ఊపమన్నారు కదా, ఊపాను.